చెడ్డ దారి వేయడం రాని మేమిద్దరం

మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన పని ఏది?" అని అడుగుతారు. ఏ వంతెన గురించో, వానకు తెగిన ఏ చెరువు కట్ట గురించో చెప్తానని వాళ్ల ఆశ. నేను సైకిలు దారి అంటాను. నవ్వుతారు. నవ్వండి నాయనా, మీకూ ఏదో ఒక రోజు ఒక సైకిలు దారి తగులుతుంది, అప్పుడు నేను గుర్తొస్తాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్లయింది. నేను కడపలో డిప్యూటీ ఇంజనీరుగా ఉన్నాను. నందికొట్కూరులో ఉద్యోగం మొదలుపెట్టి, కర్నూలు, కడప జిల్లాల్లో నేను కాలు పెట్టని పల్లె రోడ్డు లేదని నా గొప్ప. గుంత కనిపిస్తే నాకు చేతులు ఊరుకునేవి కావు. పెళ్లికి పోయినా కల్యాణమండపం ముందు నిలబడి వాన నీళ్లు ఎటు పోతాయా అని రోడ్డు వాటం చూసేవాణ్ణి. మా ఆవిడకు ఈ విషయంలో తల కొట్టేసినట్టు ఉండేది. అలాంటి నా చేతిలో, జిల్లాకు కొత్తగా వచ్చిన ఒక కుర్ర అధికారి ఒక కాగితం పెట్టాడు. మైదుకూరు పోయే రోడ్డుకు కుడివైపు కొండల కింద ఒక గుట్ట ఉంది. దాని మీద కొండ సైకిళ్లు తొక్కేవాళ్ల కోసం మూడు దారులు వేయాలట.

ఆయన ఉత్తరాది మనిషి. చదువుకునే రోజుల నుంచి సైకిలు పిచ్చి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెల్లకాగితం మీద గీసి మరీ చెప్పాడు. పచ్చ గుర్తు దారి కొత్తగా నేర్చుకునేవాళ్లకు, వెడల్పుగా, వాలు తక్కువగా ఉండాలి. నీలం దారి కొంచెం చెయ్యి తిరిగినవాళ్లకు, మలుపులు, అక్కడక్కడ ఎగుడుదిగుళ్లు ఉండాలి. నల్ల దారి బాగా తొక్కగలిగినవాళ్లకు.

"నల్ల దారిలో రాళ్లు ఉండాలి. చెట్ల వేర్లు ఉండాలి. అడుగు, అడుగున్నర లోతుకు ఒక్కసారిగా దిగే చోట్లు ఉండాలి. మీరేమీ చేయొద్దు. ముళ్లు కొట్టించి, ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. చేయకపోవడమే అక్కడ పని," అన్నాడు.

పని చేయలేదని మెమోలు తీసుకున్నవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. చేయొద్దని ఆర్డరు తీసుకోవడం నాకు అదే మొదటిసారి. సరే సార్ అని బయటికి వచ్చాను గానీ, మెట్లు దిగుతున్నంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది. ఊరూరా గుంతలు పూడ్చమని జనం నా వెంట పడుతుంటే, ఇక్కడ గుంతలకు కాపలా ఉండమంటాడేమిటి ఈయన?

పనికి మా మేస్త్రీనే పిలిపించాను. ఆయనది కమలాపురం దిక్కు. చిన్నప్పటి నుంచి బండల గనుల్లో పెరిగిన మనిషి, నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడు, పాతికేళ్లుగా నా పనులన్నీ ఆయన చేతి మీదే జరిగాయి. రాయిని చేతుల్లోకి తీసుకుని ఒకసారి తిప్పి చూసి, అది ఏ పక్క కూర్చుంటే కదలదో చెప్పేవాడు. చెప్పినట్టే కూర్చునేది. ఆయనకు మూడు దారుల సంగతి చెప్పాను. పచ్చ దారి, నీలం దారి వినేటప్పుడు బాగానే తల ఊపాడు. నల్ల దారి దగ్గర ఆగిపోయాడు.

"అట్లే వదిలేయల్లనా సార్?"

"అట్లే."

"మరి మనం ఏసినట్టు ఎట్ల తెలుస్తాది సార్ జనాలకు?"

ఆఫీసరు చెప్పాడు, చెయ్యి, అన్నాను. పాతికేళ్ల అలవాటు కదా, ఆయన ఇంకో మాట అడగలేదు. అడగనివ్వాల్సింది.

మూడు నెలల్లో దారులు పూర్తయ్యాయి. రంగు బోర్డులు పెట్టించాం. ఇక తొక్కేవాళ్లు రావాలి. వచ్చారు, నా ప్రాణానికి. మన సీమ మనుషుల సంగతి మీకు తెలిసిందే. పచ్చ బోర్డు మీద 'నేర్చుకునేవారికి' అని రాసి ఉంటే దానిమీద తొక్కడానికి ఒక్కడంటే ఒక్కడికి మనసొప్పలేదు. నడుస్తుంటే ఎగశ్వాస వచ్చే ఒక పెద్దమనిషి తన కొత్త అల్లుణ్ణి జీపులో దించి, "మావోణ్ణి చిన్నపిల్లోళ్ల దావలో పంపిస్తావా సార్ నువ్వు? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?" అని నా మీద గయ్యిమన్నాడు. అల్లుడు నల్ల దారిలోనే పోయాడు. అరగంటకు సైకిలు భుజాన వేసుకుని కుంటుకుంటూ దిగాడు. పచ్చ దారిలో ఆ నెలంతా మేకలే నడిచాయి.

నల్ల దారిని నిజంగా తొక్కింది ఒకే ఒక్క మనిషి. మైదుకూరులో ఇనుప సామాన్ల అంగడి ఉన్న శెట్టిగారి కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఆటల మాస్టారు ఎక్కడి నుంచో పాత కొండ సైకిలు ఒకటి తెప్పించి ఇచ్చాడు. రోజూ ఉదయం ఆరింటికల్లా గుట్ట దగ్గర ఉండేది. ఎక్కేది, పడేది, లేచి మోకాలి మీద మట్టి తుడుచుకుని పడిన చోటికి మళ్లీ పోయి నిలబడి ఆ రాయిని చూసేది. కోపంగా కాదు, లెక్క తెగని పిల్ల నల్లబల్లను చూసినట్టు చూసేది. రెండు నెలలకు ఆ దారి పై నుంచి కింది దాకా కాలు దించకుండా దిగడం నేర్చుకుంది. నాకు సైకిలు ఆటలో ఓనమాలు తెలియవు గానీ, పనితనం అంటే తెలుసు. ఆ పిల్ల దిగుతుంటే ఆగి చూసేవాణ్ణి.

మా కుర్ర అధికారి ఆమెను చూసి ఉప్పొంగిపోయాడు. వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని, రాష్ట్ర జట్టుకు అమ్మాయిల ఎంపిక పోటీని మా గుట్ట మీదికే తెప్పించాడు. ఇద్దరిని తీసుకుంటారు. ఆ పిల్లకు అదొక్కటే అవకాశం. ఎందుకంటే వాళ్ల నాన్న షరతు అలాంటిది. ఒకసారి బోర్డులకు మేకులు కొనడానికి పోతే, తూకం వేస్తూ నాతో ఆ మాట చెప్పాడు.

"మన జిల్లాలో అంటాండారు కాబట్టి సరే అన్న్యా సార్. ఎంపికైతే ఆ పొద్దు ఏం చేసేది చూస్తాం. కాకుంటే సైకిలు మాస్టరుకు తిరిగిచ్చేసేది, పుస్తకాలు పట్టుకోని కూసునేది. పరీచ్చల కోసరం ఆ ఊరికీ ఈ ఊరికీ ఆడపిల్లను తిప్పేది మా ఇంట్లో ల్యా."

మంచి మనిషే. భయస్తుడు. కూతురి మోకాళ్ల మీది దెబ్బలు మాత్రం ఆయనకు కనిపించేవి, గుట్టను ఎప్పుడూ చూడలేదు, ఆ వేళకు అంగడి తెరవాలి కదా.

పోటీ ఆదివారం ఉదయం. గురువారం నన్ను కర్నూలుకు మీటింగుకు పిలిచారు. శుక్రవారం అక్కడి నుంచి మా వర్క్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. గుట్ట దగ్గర సిగ్నల్ ఒకే ఒక్క బండ మీద వచ్చేది, ఆ బండ మీద నిలబడి మాట్లాడాడు. "ఆదివారం బయటి నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. దారులు చక్కగా ఉండాలి. మనకు ఒక్క మాట రానీయొద్దు," అని చెప్పి పెట్టేశాను. నా నోటితో నేను అన్న మాటలే ఇవి. అతను ఒక్క అక్షరం మార్చకుండా మేస్త్రీకి చేరవేశాడు. ఇందులో అతని తప్పు వీసమంత కూడా లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు మాత్రం నానా మాటలూ అన్నాను.

శనివారం ఉదయం ఏడింటికి గుట్ట దగ్గర జీపు దిగాను. మేస్త్రీ తలగుడ్డ చుట్టుకుని, ఎప్పుడూ లేనంత నవ్వు ముఖంతో ఎదురొచ్చాడు. "రాండి సార్, చూద్దురు," అని నల్ల దారి వైపు తీసుకుపోయాడు.

చూశాను. దారి పొడుగునా చీపురుతో ఊడ్చి ఉంది. రాళ్లు లేవు. గుండ్రాళ్లు, గరుకు రాళ్లు, ఊగే రాళ్లు, ఒక్కటీ లేదు, అన్నీ పక్కన వంకలోకి దొర్లించేశారు. అడ్డంగా ఉన్న చెట్టు వేరును నరికి మట్టి పూడ్చారు. అడుగున్నర లోతుకు దిగే చోట, నల్లటి కడప బండలతో మూడు మెట్లు. ఎంత చక్కటి మెట్లు! మట్టం చూసి వేసినవి. పక్కన రెండు వైపులా సున్నం కొట్టిన రాళ్ల వరస. మలుపు దగ్గర మనుషులు అలుపు తీర్చుకోవడానికి రాతి అరుగు కూడా ఉంది. పదిమంది పగలూ రాత్రీ నడుం విరగ్గొట్టుకుంటే తప్ప కాని పని.

"ఎట్లుండాది సార్?"

నేను ఏమన్నానో మొత్తం రాయను. పిల్లలు చదువుతారు. ఆయన మొహంలో నవ్వు ఆరిపోవడం మాత్రం గుర్తుంది. అంత అరిచినా ఆయన ఒకే మాట అన్నాడు, "నేనే చేసినా సార్."

"ఎందుకు చేసినావయ్యా? ఏమీ చేయొద్దని చెప్పలేదా నీకు?"

తల వంచుకుని కొడవలితో నేల గీకుతూ నిలబడ్డాడు. అది ఆయన తీరు కాదు. తప్పు తనదైతే తనదంటాడు, కాకపోతే నా ముఖం మీదే కాదంటాడు. ఏదో దాస్తున్నాడని అనిపించింది గానీ, ఆలోచించే ఓపిక నాకెక్కడిది?

సిగ్నల్ బండ ఎక్కి అధికారికి ఫోన్ చేశాను. రాళ్లు పోయాయని చెప్పాను. ఆయన చల్లగా, "సాయంత్రం అయిదింటికి వచ్చి నేనే తొక్కి చూస్తాను. ముందరిలా ఉంటే సరే. లేకపోతే పోటీ ఇంకో చోటుకు మార్చమని చెప్పేస్తాను. నున్నటి దారిలో ఎవరిని ఎంపిక చేస్తారు?" అన్నాడు. ఇంకో చోటు అంటే హైదరాబాదు పక్కన ఎక్కడో. అంటే శెట్టిగారి కూతురి సంగతి అక్కడితో సరి.

బండ దిగేసరికి ఆ పిల్ల వచ్చి ఉంది, ఆ రోజు ఆలస్యమైనట్టుంది. సైకిలు పట్టుకుని మెట్ల పైన నిలబడి కిందికి చూస్తోంది. నన్ను చూసి, "సార్, నా రాళ్లు యాడ?" అంది.

నా రాళ్లు అంది.

సరిగ్గా అప్పుడే శెట్టిగారి స్కూటరు వచ్చింది. అంగడి మూసి వచ్చాడు, ఆ మనిషి ఆ వేళప్పుడు అంగడి మూయడం ఎవరూ ఎరగరు. స్కూటరు మీద ఒక పెద్ద గిన్నెడు బొరుగుల ఉగ్గాని, పొట్లం నిండా బజ్జీలు. కూతురు అక్కడ ఉందని చూసుకోకుండా నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా మాట నిలబెట్టినావప్పా మేస్త్రీ. నిన్న రాత్రి నెమ్మదిగా నిద్రపోయినా. పనోళ్లందరికీ రోంత టిఫన్ తెచ్చినా, కాదనగాకు."

అప్పుడు తెలిసింది. గురువారం సాయంత్రం ఆయన మొదటిసారి గుట్ట చూడటానికి వచ్చాడట. నల్ల దారి మీద నడిచి, దారి మధ్యలో పక్కపక్కనే ఉన్న మూడు రాళ్ల కింద పల్లం చూసి, అక్కడే కూర్చుండిపోయాడట. ఈ దావలోనా నా బిడ్డ దిగేది అని మేస్త్రీని పట్టుకుని ఏడ్చినంత పని చేశాడట. దానికి తోడు మర్నాడు నా ఫోను. చక్కగా ఉండాలి, మాట రానీయొద్దు. ఇంకేం కావాలి మేస్త్రీకి? ముగ్గురం కలిసి, ఎవరికి వాళ్లం మంచి మనసుతో, ఆ పిల్ల గొంతు కోశాం.

"నాయనా, నువ్వు చెప్పినావా?" అంది ఆ పిల్ల.

శెట్టిగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "నీకు దెబ్బలు తగలకుండా ఉండల్లని..."

"దావ నున్నగా ఉంటే పోటీనే పెట్టరు ఈడ. నేనొక్కదాన్నే కాదు, ఎవురైనా దిగుతారు ఈ మెట్లు. ఇంగ నాకేముండాది?" అని ప్యాంటు మోకాలి దాకా పైకి లాగింది. "ఇది చూడు. ఇది మూడు రాళ్ల కాడ. ఇది వేరు కాడ. ఈ పెద్దది అత్త కాడ." ఎప్పుడూ అడ్డం వస్తుందని ఒక ఊగే రాయికి ఆ పిల్ల అత్త అని పేరు పెట్టుకుంది. "ఇన్ని పడి నేర్చుకున్యా. అన్నీ ఒక్క దినంలో ఊడ్చేసినారు."

శెట్టిగారు గిన్నె పట్టుకుని అట్లే నిలబడ్డాడు. నాకు మళ్లీ తిక్క రేగింది. ఎవరి మీద అరవాలో తెలియక, అలవాటు కొద్దీ మేస్త్రీ మీదే అరిచాను. ఇంత చెప్పినా ఊరుకోలేకపోయావా, నాలుగు రాళ్లు వాటి మానాన వాటిని ఉండనీయలేవా అన్నాను. అప్పుడు ఆయన తల ఎత్తాడు.

"కమలాపురం కాడ వంక గోడ గుర్తుండాదా సార్ మీకు? ఒక్క రాయి ఊగుతాందని కాలితో తన్ని చూసి, ఇరవై అడుగుల గోడ పెరికిచ్చినారు. ఆ రాళ్లు మోసిన మా ఆడోళ్లు ఆ పొద్దు కూడు తినలే. ఆ పొద్దే అనుకున్యా, నా చేతి మీద ఇంగ ఊగే రాయి ఉండకూడదని. పాతికేండ్లు మీరే తిట్టి తిట్టి నేర్పిచ్చినారు. ఇప్పుడొచ్చి ఊగల్ల అంటే నేనేం చేయల్ల?"

పనివాళ్లంతా వింటున్నారు. నేను జీపు దగ్గరికి పోయి నీళ్లు తాగి వచ్చాను. ఆ గోడ సంగతి నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు.

తిరిగి వచ్చి ఆ పిల్లనే అడిగాను. "అమ్మా, ఏ రాయి ఎక్కడుండేదో నీకు గుర్తుందా?"

"కండ్లు మూసుకోనైనా చెప్తా సార్," అంది.

ఇక ఆ రోజు జరిగిన పని నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంకెక్కడా జరగలేదు. అందరూ నిలబడే ఉగ్గాని తిన్నారు, తర్వాత మెట్లు పెరకడం మొదలైంది. మేస్త్రీ తన చేతులతో వేసిన బండలను తనే గడ్డపారతో లేపుతుంటే నేను అటు చూడలేకపోయాను. వంకలో పడిన రాళ్లను పదిమంది మోసుకు వచ్చారు. నరికిన వేరును కూడా తెచ్చి అడ్డంగా పాతారు. ఆ పిల్ల ముందు నడుస్తూ, ఇది ఈడిది కాదు, కిందిది, దీనికి ఈ మూల పైకి ఉండేది, ఇంకా ఇటు, ఇంకా రోంత, అని చెప్పేది. ఒక్కో రాయి దగ్గర వంగి టైరు ఎటు నుంచి వస్తుందో చేత్తో చూపించేది. ఎండ మాడ్చేస్తోంది. సర్కారు తుమ్మ చెట్టు నీడ తప్ప ఇంకో నీడ లేదు. 

మేస్త్రీతోనే చచ్చే చావు వచ్చింది. చెయ్యి మాట వినదు. రాయి పెట్టమంటే వెడల్పు పక్క కిందికి తిప్పి, కింద సన్న రాళ్లు సర్ది, కదలకుండా కూర్చోబెట్టేస్తాడు. ఆ పిల్ల ఎక్కి తొక్కి చూసి, "తాతా, ఇది ఊగేది," అంటుంది. మళ్లీ లేపుతాడు. మళ్లీ గట్టిగానే కూర్చుంటుంది. అత్తను నాలుగుసార్లు పెట్టాడు. నాలుగోసారి విసుగొచ్చి, "నాకు రాదు తల్లీ, నువ్వే పెట్టుకో," అని పక్కకు తప్పుకున్నాడు. పనివాళ్లు పగలబడి నవ్వారు. చివరికి రాళ్లపని ఏమాత్రం తెలియని శెట్టిగారు పంచె ఎగ్గట్టుకుని వచ్చి, ఎత్తలేక ఎత్తలేక ఆ రాయిని దబ్బున వదిలేశాడు. కూతురు ఎక్కి చూసింది. ఊగింది. "ఇదే సార్, ఇట్లే ఉండేది!" అంది. శెట్టిగారు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఆయన కూడా రాళ్లు మోశాడు, వద్దన్నా వినలేదు.

నాలుగింటికి పని దాదాపు అయిపోయింది. రేపు పోటీ, పాప అలిసిపోతుందని శెట్టిగారు కూతుర్ని స్కూటరు ఎక్కించుకుని పోయాడు. ఆ తర్వాత జరిగినదే నేను మీ అందరికీ చెప్పాలనుకున్నది, నవ్వే వాళ్లకు ఎప్పుడూ చెప్పనిది.

దారి చివర, గుట్ట దిగి చదునులో కలిసే చోట, మేస్త్రీ వేసిన ఒక్క బండ మిగిలింది. పై నుంచి వచ్చే నీళ్లు దారిని కోసుకుపోకుండా, పక్క వంకలోకి మళ్లేటట్టు వాలుగా వేశాడు. అది తప్ప ఆయన పని అంతా పోయింది.

"ఇదొక్కటి ఉండనీ సార్. లేకుంటే ఒక్క వానకు గండి పడతాది," అన్నాడు.

నేను వంగి చూశాను. వాటం అంత సరిగ్గా కుదిరింది. నీళ్లు పోసి చూడనక్కర్లేదు. నా చేతులు ఊరుకోలేదు, ముందే చెప్పాను కదా. "ఉండనీలే మేస్త్రీ," అన్నాను. అయిదింటికి అధికారి వచ్చి తొక్కాడు. అత్త దగ్గర పల్టీ కొట్టి మోచెయ్యి గీసుకుని, లేచి బట్టలు దులుపుకుంటూ అద్భుతం అన్నాడు. కింద పడి అంత సంతోషించిన ఆఫీసరును నేను ఇంకెక్కడా చూడలేదు. చేతికి రుమాలు కట్టుకుని అక్కడి నుంచే పక్కకు దిగి జీపు దగ్గరికి వచ్చేశాడు. చివరి దాకా తొక్కలేదు. నేనూ తొక్కమనలేదు.

ఆదివారం తొమ్మిది మంది అమ్మాయిలు వచ్చారు. హైదరాబాదు నుంచి, విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ల సైకిళ్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఎంపిక చేసే పెద్దమనిషి ముందుగా దారంతా నడిచి చూసి, ఇంత సహజంగా ఉన్న దారి తాను ఎక్కడా చూడలేదని, ఎవరు వేశారని అడిగాడు. నేను మేస్త్రీని ముందుకు తోశాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "నేను కాదు సామీ, నేనేసింది నిన్న పెరికేసినారు," అన్నాడు. ఆ పెద్దమనిషి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఒక్కొక్కరినే దింపారు, గడియారం పట్టుకుని. మన పిల్లది ఏడో వంతు. మేము ముగ్గురం అత్త దగ్గర నిలబడ్డాం. మూడు రాళ్ల పల్లం ఆమె పిట్టలా దిగింది. శెట్టిగారు కళ్లు మూసుకున్నాడు, మేస్త్రీ ఆయన భుజం పట్టుకుని "చూడు శెట్టీ, చూడు," అని కుదిపాడు. అత్త మీదికి ముందు చక్రం ఎక్కింది, రాయి ఊగింది, ఆ ఊపుతోనే ఆమె అవతలికి పోయింది. నేను ఈల వేశాను. యాభై అయిదేళ్ల వయసులో, నలుగురు అధికారుల ముందు. ఇక మిగిలింది చివరి చదును. అక్కడ ఎవరు పడతారు?

పడింది. దుమ్ము పట్టిన నున్నటి బండ మీద, వాలుగా ఉన్న బండ మీద, వెనక చక్రం జారింది. ముందు వచ్చిన ఆరుగురికి ఆ బండ ఒక్కటే కొత్త కాదు, దారంతా కొత్తే కాబట్టి అన్నీ చూసుకుంటూ వచ్చారు. ఈ పిల్ల మాత్రం అక్కడ మట్టే ఉంటుందని, రెండు నెలలు ఉన్నట్టే ఉంటుందని, పూర్తి వేగంతో వచ్చింది. వెంటనే లేచి సైకిలు ఎక్కింది గానీ, ఆ లేచిన కాసేపే పోయింది. ఫలితం చదివారు. మూడో స్థానం. ఎంపిక ఇద్దరు.

ఆమె హెల్మెట్ తీసి నేల మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా నీళ్లు తాగుతోంది. నేను దగ్గరికి పోయాను. "అమ్మా, ఆ బండ ఉండనిమ్మంది నేనే. నిన్న నువ్వు పోయినాక," అన్నాను.

"దావలో ఏముంటే అది తొక్కల్ల సార్. నేను పొద్దున నడిచి చూసుకోవల్ల. చూసుకోలే," అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది. మేస్త్రీ కొంచెం దూరంలో నిలబడి వింటున్నాడు. గడ్డపార తీసుకుని ఆ బండ దగ్గరికి పోయాడు. ఎవరూ చెప్పలేదు.

శెట్టిగారు వచ్చాడు. సైకిలు మాస్టారికి తిరిగి ఇచ్చేసే మాట అంటాడని నేను ఎదురుచూస్తున్నాను, ఆ పిల్ల కూడా అందుకే ఆయన ముఖం చూడటం లేదు. ఆయన నేల మీది హెల్మెట్ తీసి, భుజం మీది తువ్వాలతో దుమ్ము తుడిచాడు. రాళ్లు మోసి చేతులకు బొబ్బలు, తుడవడం కూడా సరిగా చేతకాలేదు. దాన్ని చంకలో పెట్టుకుని ఎంపిక చేసే పెద్దమనిషి దగ్గరికి పోయాడు.

"సార్, మళ్లీ ఈ పరీచ్చ యాడ పెడతారు?"

"వచ్చే ఏడాదే. ఈసారి చాలా దూరం. విశాఖపట్నం అవతల కొండల్లో పెట్టొచ్చు."

"ఆడ దావ ఇంతకన్నా చెడ్డగా ఉంటాదా?"

"ఇంతకన్నా చాలా ఘోరంగా ఉంటుంది."

శెట్టిగారు వెనక్కి తిరిగి కూతుర్ని ఒకసారి చూశాడు.

"అట్లయితే నాలుగు దినాలు ముందుగానే పోవల్ల మేము," అన్నాడు. "దావంతా నడిచి చూసుకోవల్ల గదా."